మా బావ మిషనుకి కళ్ళొచ్చిన వైనం

స్టీల్ ప్లాంటు మెషిన్ షాపులో పనిచేసి రిటైరైన మనిషిని ఊరికే కూర్చోబెట్టడం ఎంత ప్రమాదమో మా అక్కనడగాలి. సర్వీసంతా పెద్ద పెద్ద లేతుల దగ్గర నిలబడ్డ మా బావ, ఇప్పుడు గాజువాకలో తన ఫ్లాటు వెనక గదిలో కంప్యూటరు చెప్పిన గీత మీద కోసే చిన్న సీఎన్‌సీ మిల్లింగ్ మిషను పెట్టుకున్నాడు. బెడ్డు 300 మిల్లీమీటర్ల పొడవు, 180 వెడల్పు. కోసే బిట్టుని స్పిండిల్ పేరుతో తిప్పేది ఒక 775 సైజు డీసీ మోటారు. విశాఖ ఉప్పుగాలికి దాన్ని అటూ ఇటూ జరిపే లీడ్ స్క్రూలు తుప్పు పట్టకుండా రోజూ నూనె రాస్తాడు. అందులో ఒక్క చుక్క తలుపు బందులకి రాసినా ఇల్లంతా కిర్రుమనకుండా ఉండేదని అక్క బాధ.

అపార్టుమెంటు ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయే సర్క్యూట్ చేసిస్తానని బావ అసోసియేషన్ మీటింగులో మాటిచ్చేశాడు. బోర్డు బయట చేయించుకోవచ్చుగా అంటే, "అన్నీ బయటే చేయిస్తే ఇంక నేనెందుకురా ఉన్నది?" అన్నాడు. నిజమే, ఆ ప్రశ్నకి జవాబు చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆ బోర్డుకి రెండు వైపులా రాగి ఉంటుంది. మిషనుతో పై వైపు సర్క్యూట్ గీతలు కోసి, రంధ్రాలు వేసి, తిరగేసి కింది వైపు కోయాలి. తిరగేశాక ఈ పక్క రాగి వలయాలు సరిగ్గా ఆ రంధ్రాల చుట్టూనే రావాలి. అర మిల్లీమీటరు జరిగినా 0.8 మిల్లీమీటర్ల రంధ్రం వలయాన్ని కొరికేస్తుంది. అందుకని మిషను మోటారు పక్కన కిందికి చూస్తూ ఒక కెమెరా బిగిస్తారు. తెర మీది క్రాస్ గుర్తుని ముందు ఒక రంధ్రం మీదికి, తర్వాత దూరంగా ఉన్న ఇంకో రంధ్రం మీదికి తెస్తే, బోర్డు ఎక్కడుందో, ఎంత వంకరగా అంటుకుందో సాఫ్ట్‌వేరే లెక్కేసుకుంటుంది. ఇంతవరకూ బావ చెప్పినదాంట్లో అబద్ధం లేదు.

కెమెరా ఇంట్లోనే ఉంది. సింకు పైపులో ఏం అడ్డుపడిందో చూడ్డానికి ఎప్పుడో కొన్న ఎండోస్కోప్. దానికి పూర్ణా మార్కెట్‌లో కొన్న పీవీసీ పైపు క్లాంపు, రెండు ఎం3 స్క్రూలు, అదిరిపోకుండా చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క. బిగించాక అసలు పని మొదలైంది. కెమెరా నిటారుగా లేకపోతే మోటారు ఎత్తు మారినప్పుడల్లా గుర్తు పక్కకి జారిపోతుంది. బావ మోటారుని పైకెత్తి చూశాడు, కిందికి దించి చూశాడు. జారితే క్లాంపు కింద కాగితం ముక్క దోపాడు. మళ్ళీ ఎత్తడం, మళ్ళీ దించడం. టార్చి పట్టుకున్న నా చెయ్యి పీకడం మొదలెట్టింది.

ఇంతలో ఇంకో తిప్పలు. కెమెరా మూతి చుట్టూ ఉన్న బుల్లి ఎల్ఈడీలు రాగి మీద పడి తెరంతా తెల్లగా మెరుస్తోంది. రంధ్రమూ లేదు, గుర్తూ లేదు. ఎల్ఈడీల మీద టిష్యూ పేపరు ముక్క అంటించి, ఇంకా మెరుపు రాకుండా గదిలో లైటు కూడా ఆర్పించాడు. చందనం తీసిన అప్పన్న స్వామిలా అప్పుడు కనబడింది రంధ్రం, నిజరూపంతో. బావ చేతులు జోడించాడు కూడా.

తర్వాత కెమెరాకీ బిట్టుకీ మధ్య దూరం కొలవాలి. పనికిరాని ముక్క మీద బిట్టుతో చిన్న గుంట పెట్టి, కెమెరా గుర్తు ఆ గుంట మీదికి వచ్చేదాకా మోటారుని ఎడమకి జరిపాడు. తెర మీద మైనస్ 45.37 అని వచ్చింది. "చూశావా, రెండో దశాంశం దాకా!" అని మురిసిపోతూ దాన్ని అలాగే సాఫ్ట్‌వేర్లోకి ఎక్కించేశాడు. కెమెరాని గుంట మీదికి తేవడానికి ఎడమకి జరిపితే, బిట్టుని తేవడానికి కుడికి జరపాలి కదా. అంటే ప్లస్ పెట్టాలి. ఆ సంగతి ఆ చీకట్లో ఎవరికీ తట్టలేదు.

అన్నట్టు, బోర్డుని దేని మీద అంటించాడో చెప్పలేదు. అల్యూమినియం బెడ్డుకి బిట్టు తగలకూడదు కాబట్టి కింద ఒక చెక్క ఉండాలి. ఇంట్లో సమంగా ఉన్న చెక్క ఒకటే, అక్క చపాతీ పీట. కాళ్ళు లేని నలుచదరం పీట, టేకు. అక్క గుడికెళ్ళింది.

బిట్టు మార్చి స్టార్ట్ నొక్కాడు. బోర్డులోని గాజుపీచు ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదని ఇద్దరికీ మాస్కులు. గది చీకటి, ఇద్దరి కళ్ళూ ల్యాప్‌టాప్ మీదే. తెర మీద ఏదో గోధుమరంగు కదులుతోంది.

"బావా, అది రాగిలా లేదండీ."

"ఫోకస్ పోయుంటుంది. ఆ చప్పుడు విను. ఎంత మెత్తగా కోస్తోందో! సర్వీసంతా ఈ చెవులతోనే కదా నెట్టుకొచ్చాను."

మాస్కులోంచి కూడా టేకు వాసన వస్తోందన్నాను. నా ముక్కు మీద ఆయనకి మొదట్నించీ సదభిప్రాయం లేదు.

మిషను ఆగాక లైటు వేశాం. రాగి బోర్డు కొత్త పెళ్ళికూతురిలా తళతళలాడుతోంది, దాని మీద ఒక్క గీత లేదు. దానికి ఎడమగా, 45.37కి సరిగ్గా రెట్టింపు, 90.74 మిల్లీమీటర్ల దూరంలో, చపాతీ పీట మీద సర్క్యూట్ మొత్తం దిగింది. బావ కాసేపు గోడకేసి చూసి, "మైనస్సు" అన్నాడు. ఇంకాసేపాగి, బోర్డు పైభాగం కంటే పీట 1.6 మిల్లీమీటర్లు కిందుంటే బిట్టు దాకా ఎలా అందిందని ఆలోచించాడు. బిట్టు మార్చాక దాని ఎత్తు మళ్ళీ సరిచూడలేదు, అది రెండు మిల్లీమీటర్లు ఎక్కువ బయటికుంది. బోర్డు మీదే పడుంటే అటునించిటు చీల్చేసేది. "అంటే ఒక రకంగా మంచే జరిగింది" అని తేల్చాడు. లిఫ్టు తలుపు చప్పుడైంది. పీట ఊడదీసి, దులిపి, వంటింట్లో బోర్లించి వచ్చాడు.

రాత్రి అక్క ఏ వైపు పెట్టి ఒత్తిందో చెప్పక్కర్లేదు. పెనం మీద తిరగేసిన మొదటి చపాతీ చూసి కెవ్వున అరిచింది.

"ఏవండీ! ఇలగొచ్చి సూడండి! చపాతీ మీద శ్రీరామ అని వచ్చిందండీ!"

వచ్చింది. బావ ఏ పని మొదలెట్టినా శ్రీరామ రాయకుండా మొదలెట్టడు, బోర్డు మీద కూడా మూలన వేశాడు. పీటలోని గాళ్ళు పిండి మీద ఉబ్బుగా లేచి, పెనానికి ముందు అవే తగిలి, అక్షరాలు ముచ్చటగా ఎర్రగా కాలాయి. చుట్టూ ఏవో వింత గీతలు. వాటిని అక్క బీజాక్షరాలనుకుంది. చపాతీ కళ్ళకద్దుకుని దేవుడి గదిలోకి పట్టుకెళ్ళింది.

బావ మాత్రం పాలిపోయి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒరేయ్, చపాతీ మీద సరిగ్గా చదవడానికొస్తోందంటే, పీట మీద అద్దంలోలా తిరగబడి పడిందన్నమాట. కింది వైపు కోసేముందు డిజైన్‌ని కుడెడమలు మార్చి మిర్రర్ చెయ్యడం మర్చిపోయాన్రా!"

మైనస్సు సరిగ్గా పెట్టి, బిట్టు సరిగ్గా చూసుకున్నా ఆ బోర్డు చెత్తబుట్టకే వెళ్ళేదన్నమాట. కెమెరా ఒక్కటే ఏ తప్పూ చెయ్యలేదు. రెండో దశాంశం దాకా దాని పని అది చేసింది.

అసలు సంగతి అక్కకి చెబుదామని దేవుడి గది దాకా వెళ్ళాం. అప్పటికే ఎదురింటి పిన్నిగారు, పై ఫ్లాటు మామ్మగారు హారతి కళ్ళకద్దుకుంటున్నారు. బావ నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. ఆ ఇంట్లో ఆయన మిషను పనికి దండం పెట్టినవాళ్ళు అదే మొదలు.

పిన్నిగారు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు. "అన్నయ్యగారూ, ఆ పీట మీరే చేశారంట కదా, ఇప్పుడే మీ ఆవిడ చెప్పింది. మా ఇంటిక్కూడా ఒకటి చేసిపెట్టరూ? సింహాద్రి అప్పన్న అని రావాలి."

"రౌండుగానా, నలుచదరంగానా?" అన్నాడు బావ, జేబులోంచి టేపు తీస్తూ.