మహారాజశ్రీ ఎస్‌యూవీ గారి సముఖమునకు

కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ ఆఫీసుకు వెళ్లి వచ్చే ఒక సామాన్యుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరి క్షేమం ప్రత్యేకంగా అడగనవసరం లేదు. 2024-25లో ఈ దేశంలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాల్లో దాదాపు 65 శాతం తమరి వంశంవారూ దాయాదులేనని తయారీదారుల సంఘం లెక్కలే చెబుతున్నాయి. మా క్షేమం ఎలా ఉన్నదో సాయంత్రం ఆరున్నరకు బయోడైవర్సిటీ కూడలిలో తమరు ఎత్తు నుంచి చూస్తూనే ఉన్నారు.

ఈ లేఖకు తక్షణ కారణం నిన్నటి మధ్యాహ్నం. పెట్రోలు ఇంజనుకు తోడు బ్యాటరీ, మోటారు ఉండే హైబ్రిడ్ కారును నడిపి చూడవచ్చునని ఫోను మీద ఫోను చేసి పిలిచిన ఒక షోరూముకు వెళ్లాను. సోఫాలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. నా పేరు, ఫోను నంబరు, జీతం శ్లాబు ట్యాబ్‌లో ఎక్కించుకున్నారు. ఆ తర్వాత, హైబ్రిడ్ టెస్ట్ డ్రైవ్ బండి మరో కస్టమరుతో శంషాబాద్ వైపు వెళ్లిందని, ఇప్పుడే వచ్చేస్తుందని చెప్పారు. అది రాలేదు. చీకటి పడబోతుండగా ఒక కుర్రవాడు అదే మోడల్‌లో మామూలు పెట్రోలు బండిని తెచ్చి నిలబెట్టి, ఎంతో మర్యాదగా, "బండి ఇదే సార్, బ్యాటరీ ఉందనుకుని నడపండి" అన్నాడు. అనుకున్నాను. నడిపాను. ట్రాఫిక్‌లో పొదుపు చేయడమే ప్రతిభగా గల ఒక యంత్రాన్ని, అది లేని బండిలో, ట్రాఫిక్ లేని సర్వీసు రోడ్డు మీద పరీక్షించి వచ్చిన ఘనత ఈ ఊళ్లో ఎందరికి దక్కిందో నాకు తెలియదు.

ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. అతని చేతికి ఇచ్చిన తాళాన్నే అతను నాకు ఇచ్చాడు. నా ఫిర్యాదంతా తమరితోనే. "హైబ్రిడ్ తీసుకుంటావా, ఎస్‌యూవీ తీసుకుంటావా?" అని బావమరిది అడిగినప్పుడు అవి రెండు వేర్వేరు వస్తువులనే భ్రమలో నేను నెలల తరబడి తర్జనభర్జన పడ్డాను. ఈ ప్రశ్నకు మన దేశంలో అర్థమే లేకుండా చేసినవారు తమరు.

హైబ్రిడ్ మీద నాకు ఇంత భక్తి ఎందుకో ముందు మనవి చేసుకుంటాను. మామూలు పెట్రోలు ఇంజను జేఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీ దాకా పాకుతున్నప్పుడు పోసిన పెట్రోలులో ఎక్కువ భాగాన్ని వేడిగా వదిలేసి, మిగిలిన కాస్తతో అందుకున్న వేగాన్ని మూడు కార్ల దూరం పోకముందే బ్రేకులకు సమర్పించుకుంటుంది. ఆగి ఉన్నప్పుడు కూడా ఏసీ కోసం తిరుగుతూనే ఉంటుంది. అసలైన హైబ్రిడ్, అంటే స్ట్రాంగ్ హైబ్రిడ్, అలా చేయదు. బ్రేకు నొక్కినప్పుడు తన మోటారునే జనరేటరుగా తిప్పి, ఆ వేగంలో కొంత బ్యాటరీకి జమ చేసుకుని, మళ్లీ కదలవలసి వచ్చినప్పుడు, చార్జి ఉన్నంతసేపు, ఇంజనును నిద్ర లేపకుండానే కారును ముందుకు నడుపుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద వేగంతో నిలకడగా పోయేవారికి దీనివల్ల ఒరిగేది తక్కువ; ఆగుతూ కదులుతూ పోయేవారికే దీని విలువ తెలుస్తుంది. పెట్రోలు బంకును నమ్ముకున్న కార్లన్నింటిలో ఎర్ర దీపం నుంచి కూడా నాలుగు పైసలు ఎక్కువగా రాబట్టగలిగేది ఇదే. (పూర్తి ఎలక్ట్రిక్ కొనవచ్చు కదా అని తమరు అడగవచ్చు. మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో చార్జింగ్ పాయింటు సంగతి అసోసియేషన్ ఇంకా చర్చిస్తూనే ఉంది. వారికి రాయవలసిన లేఖ వేరే ఉంది.)

అంత యోగ్యమైన యంత్రాన్ని తమరు మింగి కూర్చున్నారు.

2022లో మన దేశంలో స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు ఒక్కసారిగా కళ వచ్చింది. మే నెలలో హోండా సిటీ హైబ్రిడ్, సెప్టెంబరులో మారుతి గ్రాండ్ విటారా, ఇంచుమించు అప్పుడే దాని తోబుట్టువు టయోటా హైరైడర్, ఏడాది చివర టయోటా ఇన్నోవా హైక్రాస్ వచ్చాయి. వీటిలో సెడాన్ హోండా సిటీ ఒక్కటే. దాని ధర 20 లక్షల పొలిమేరలో ఉండిపోయింది. మిగిలినవన్నీ తమరి కడుపులోనివో, తమరి పోలికలు తెచ్చుకున్నవో. అక్కడితో అయినా ఆగలేదు. గ్రాండ్ విటారా విడుదలైనప్పుడు షోరూము ధర 10.45 లక్షల నుంచి మొదలైంది. స్ట్రాంగ్ హైబ్రిడ్ కావాలన్నవారికి మాత్రం 17.99 లక్షల నుంచి మొదలైంది. ఆ ఏడున్నర లక్షలూ మోటారుకూ బ్యాటరీకీ పోయాయనుకుంటే పొరపాటు. అప్పట్లో హైబ్రిడ్‌ను పై వేరియంట్లకే కట్టిపెట్టారు కాబట్టి, ఆ ఇంజను కోసం వచ్చినవాడు పెద్ద స్క్రీను, ఖరీదైన సీట్లు, అలంకారపు దీపాలు కూడా భుజాన వేసుకుని పోవలసి వచ్చింది. పెసరట్టు అడిగినవాడికి పెళ్లి భోజనం టోకెను కొంటేనే పెసరట్టు వడ్డిస్తామని చెప్పే హోటలు ఎక్కడైనా ఉంటే జనం ఊరుకుంటారా? తమరి దగ్గర మాత్రం ఊరుకోవడమే కాదు, వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకుని మరీ ఊరుకున్నారు.

నేను కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను. ఆఫీసు ప్రయాణమే ప్రధానంగా ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే మనిషిని తీసుకుందాం. నగరంలో పెట్రోలు ఎస్‌యూవీ లీటరుకు 12 కిలోమీటర్లు, హైబ్రిడ్ 20 కిలోమీటర్లు ఇస్తాయని ఉదారంగా అనుకుందాం. మొదటిదానికి 1,000 లీటర్లు, రెండోదానికి 600 లీటర్లు కావాలి. లీటరు 107 రూపాయల చొప్పున ఏడాదికి మిగిలేది 42,800. ఒకే స్థాయి వేరియంట్ల మధ్య హైబ్రిడ్‌కు అదనంగా పెట్టేది మూడు లక్షలనుకుంటే, ఆ సొమ్ము చేతికి తిరిగి రావడానికి ఏడేళ్లు పడుతుంది. ఆ మూడు లక్షల మీద కట్టే వడ్డీ కలపలేదు, కలిపితే నిద్ర పట్టదని. బ్యాటరీ వారంటీ ఎనిమిదో ఏట ముగుస్తుందని కరపత్రంలో చిన్న అక్షరాలలో చదివాను. ఏడేళ్లు తపస్సు చేసి ఒక్క ఏడాది లాభం అనుభవించే పథకం ఇది. అదే ఇంజను ఒక చిన్న, తేలికైన, సాదా కారులో ఉంటే పెట్రోలు ఖర్చు ఇంకా తగ్గేది. ఆ మోటారు ఆదా చేసిన పెట్రోలులో కొంత తమరి బరువును మోయడానికీ, తమరి వెడల్పాటి ముఖంతో గాలిని చీల్చడానికీ ఖర్చవుతున్నది. పొదుపరి సంపాదనను దుబారా మనిషి ఖర్చు పెడుతున్నాడు. బిల్లు నేను కడుతున్నాను.

ఇందులో ప్రభుత్వంవారి ఆశీర్వాదం కూడా తమరికే దక్కింది. నిన్నమొన్నటి దాకా పెద్ద ఎస్‌యూవీల మీద సెస్సుతో కలిపి 50 శాతం, నాలుగు మీటర్లు దాటిన హైబ్రిడ్ల మీద 43 శాతం పన్ను ఉండేది. పర్యావరణం పేరు చెప్పుకోవడానికి కనీసం ఏడు శాతం తేడా అయినా మిగిలేది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇద్దరికీ 40 శాతమే. తమరికి పది తగ్గింది, పొదుపరికి మూడు తగ్గింది. తమరంటే ఎవరో తేల్చడానికి జీఎస్టీ మండలి పడిన శ్రమ మరో ముచ్చట: పొడవు 4,000 మిల్లీమీటర్లు దాటాలి, ఇంజను 1,500 సీసీ దాటాలి, నేల నుంచి ఎత్తు కనీసం 170 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ ఎత్తును కూడా బండి ఖాళీగా ఉన్నప్పుడే కొలవాలని 2023 జూలైలో స్పష్టం చేశారు. ఆఫీసు వేళల్లో తమరి ఏడు సీట్లలో ఆరు ఎప్పుడూ ఖాళీయే కనుక కొలిచేవారికి పెద్ద ఇబ్బంది ఉండదు.

చిన్న హైబ్రిడ్ అనేది సాంకేతికంగా సాధ్యం కాదేమోనని కొన్నాళ్లు నన్ను నేను ఓదార్చుకున్నాను. జపానువారు ఆ ఓదార్పు కూడా మిగల్చలేదు. 1997లో అక్కడ ప్రియస్ పుట్టినప్పుడే అది ఒక బుద్ధిమంతమైన సెడాన్. 2011లో వచ్చిన టయోటా ఆక్వా అనే హ్యాచ్‌బ్యాక్ పొడవు 3,995 మిల్లీమీటర్లు. మన నాలుగు మీటర్ల గీతకు అయిదు మిల్లీమీటర్లు ఇవతలే, ఎవరో మన చట్టం చదివి గీసినంత కచ్చితంగా ఆగిపోయింది! అయినా అది ఇక్కడికి వస్తే చిన్న కార్ల 18 శాతం పన్ను దానికి వర్తించదు, ఎందుకంటే దాని ఇంజను 1,500 సీసీది, మన గీత 1,200 దగ్గరే ఉంది. ఇంధనం తక్కువ తాగేందుకే కాస్త పెద్దగా తయారుచేసిన ఇంజనును, ఎక్కువ తాగుతుందన్న అనుమానంతో శిక్షించే చట్టం మనది. 1,200 సీసీ లోపు, నాలుగు మీటర్ల లోపు పెట్రోలు హైబ్రిడ్‌కు 18 శాతమేనని తలుపు తెరిచి ఉంచారు, నిజమే. ఆ తలుపులోంచి లోపలికి వచ్చిన స్ట్రాంగ్ హైబ్రిడ్ మాత్రం నేను తిరిగిన షోరూముల్లో ఒక్కటీ కనిపించలేదు. తమరు గుమ్మానికి అడ్డంగా పార్కు చేసి ఉన్నారు.

తమరి మిగిలిన గుణగణాల గురించి క్లుప్తంగా. మే నెల హైదరాబాదులో సన్‌రూఫ్ తెరిచిన మహానుభావుడిని నాకు చూపించండి, పాదాభివందనం చేస్తాను. ఇంజను ఆపి లేపడానికి ఒక చిన్న మోటారు పెట్టి, చక్రాలను స్వయంగా తిప్పలేని ఆ మోటారు పేరు మీద వెనక తలుపుకు హైబ్రిడ్ బిళ్ల తగిలించుకునే తమరి తమ్ముళ్లకు ఇంట్లో పెద్దవారు బుద్ధి చెప్పాలి. స్టిక్కరు మీద 28కి కాస్త ఇటుగా వెలిగే ఆ మైలేజీ, పుణెలోనో మానేసర్‌లోనో ప్రయోగశాల రోలర్ల మీద, ఏసీ ఆపి సాధించినది. మా దారిలో రోలర్లు లేవు, గుంతలు ఉన్నాయి. బ్యాటరీకి చోటివ్వడానికి డిక్కీని కుదించిన తమరే, సంక్రాంతికి ఊరెళ్లే కుటుంబాన్ని ప్రకటనలో చూపించడం ధైర్యమే.

ఇక తమరి ఎత్తు. ఎత్తులో కూర్చుంటే రోడ్డంతా కనిపిస్తుందని, ధైర్యంగా ఉంటుందని తమరిని కొన్నవారందరూ చెబుతారు. అమ్ముడైన ప్రతి మూడింటిలో రెండు ఎత్తెక్కాక ఆ ఎత్తు నుంచి కనిపించేదేమిటి? ముందున్న మరో ఎస్‌యూవీ వీపు. దాని వెనక చిన్న కారులో ఉన్నవాడికి సిగ్నలు కూడా కనిపించదు, కాబట్టి వాడు కూడా వచ్చే దసరాకు ఎత్తైనదే కొంటాడు. ఈ రోగాన్ని అంటించేది నువ్వే, మందు అమ్మేదీ నువ్వే. నీ బానెట్ ఎంత ఎత్తో నీకు తెలుసా? స్కూలు గేటు దగ్గర దాని ముందు నిలబడ్డ అయిదేళ్ల పిల్ల స్టీరింగు పట్టుకున్నవాడికి కనిపించదు. రాత్రి నీ హెడ్‌లైట్లు సరిగ్గా నా అద్దంలోకి, నా కళ్లలోకి కొడతాయి. సెల్లార్‌లో నీకిచ్చిన గీతల మధ్య ఏనాడూ పట్టవు, నా తలుపు తెరుచుకోదు, నేను పక్క సీటులోంచి దిగుతాను. ఒక్క మనిషిని, ఒక్క లంచ్ బాక్సును ఇరవై కిలోమీటర్లు చేరవేయడానికి ఇంత ఇనుము ఎందుకని అడిగితే, ఎప్పుడైనా లంబసింగి వెళ్లవచ్చు కదా అంటావు. ఎప్పుడు వెళ్లావు? నువ్వు ఎక్కిన కొండ షాపింగ్ మాల్ పార్కింగ్ ర్యాంపు ఒక్కటే!

క్షమించాలి. మర్యాద తప్పాను.

న్యాయంగా చెప్పవలసినది ఒకటి ఉంది. తమరు ఎందుకు నెగ్గారో నాకు తెలుసు. కాలనీకి ఒక కొలతతో కట్టే స్పీడ్ బ్రేకర్ల మీద సెడాన్ పొట్ట గీసుకున్న చప్పుడు విన్నవాడెవడూ మళ్లీ సెడాన్ కొనడు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ నా హ్యాచ్‌బ్యాక్‌లో దిగడానికి ఇద్దరం చేయి అందించాలి. బావమరిది ఎస్‌యూవీలోంచి ఆమె తనంతట తాను దిగింది. జూలై వానలో రోడ్డు చెరువైనప్పుడు నా సైలెన్సరులోకి నీళ్లు వస్తాయేమోనని నేను పక్కన ఆగిపోతే, తమరు నిదానంగా ఆ నీటిని చీల్చుకుంటూ వెళ్లడం చూసి, నాకు కలిగినది పూర్తిగా అసహ్యమేనని ప్రమాణం చేయలేను. తమరు లేపిన అల నా బానెట్ మీదుగా వచ్చిన తర్వాత కలిగినది మాత్రం అసహ్యమే. రోడ్డు వేయవలసినవారు రోడ్డు వేస్తే, 170 మిల్లీమీటర్ల గురించి మనమిద్దరం ఇంత మాట్లాడుకునే పని ఉండేది కాదు.

కాబట్టి నా విన్నపం చిన్నది. తమరు మీ ఎత్తు, మీ సన్‌రూఫ్, మీ లంబసింగి ఆశలు అన్నీ ఉంచుకోండి. ఆ ఇంజనును మాత్రం కిందికి దించండి. నాలుగు మీటర్ల లోపు, అలంకారాలు లేని, నలుగురు సర్దుకుని కూర్చునే ఒక కారులో దాన్ని పెట్టి, కింది వేరియంటులోనే ఇస్తామని కంపెనీవారు చెప్పిన రోజున నేను టెస్ట్ డ్రైవ్ కూడా అడగకుండా అడ్వాన్సు కడతాను. అందాకా పాత హ్యాచ్‌బ్యాక్‌తోనే కాలం వెళ్లదీయాలని నిశ్చయించుకున్నాను. క్లచ్ ప్లేటు అరిగిందని, మార్చాలని మెకానిక్ అంటున్నాడు. సోమవారం పొద్దున్నే బండి ఇచ్చి మెట్రోలో వెళతాను.

ఇట్లు,
తమరి వెనక నంబరు ప్లేటును కంఠస్థం చేసిన
ఒక చిన్న కారు యజమాని