పదహారేళ్లకే అన్నీ తెలిసిపోతే ఇక నవల దేనికి?

ఈ మధ్య వస్తున్న యంగ్ అడల్ట్ నవలల్లో, అంటే టీనేజ్ పిల్లల కోసం రాసే నవలల్లో, నన్ను బాగా విసిగిస్తున్న పాత్ర ఒకటుంది. వయసు పదహారో పదిహేడో ఉంటుంది. చిన్నప్పుడే తల్లో తండ్రో వదిలేసి వెళ్లిపోయి ఉంటారు. రెండో అధ్యాయం అయ్యేలోపే ఆ అమ్మాయి మనకు అంతా విప్పి చెప్పేస్తుంది. తను ఎవరినీ ఎందుకు నమ్మలేకపోతోందో, ఆ అపనమ్మకం ఏ గాయంలోంచి పుట్టిందో, అందులోంచి బయటపడాలంటే ఏం చేయాలో అన్నీ ఆమెకు తెలుసు. మిగిలిన మూడొందల పేజీల్లో ఆమె చెప్పినట్టే జరుగుతుంది. నలభై దాటినవాళ్లలో ఎంతమందికి ఉంటుంది ఆ తెలివిడి?

నాకు టీనేజ్ నవలల మీద చిన్నచూపేమీ లేదు. ఆ చిన్నచూపు ఉన్నవాళ్లు వేరే ఉన్నారు. పెద్దవాళ్లు పిల్లల కోసం రాసిన నవలలు చదువుతున్నందుకు సిగ్గుపడాలని 2014లో అమెరికా ఆన్‌లైన్ పత్రిక స్లేట్‌లో రూత్ గ్రాహమ్ రాస్తే పెద్ద దుమారమే రేగింది. సిగ్గు సంగతి పక్కనపెడదాం. ఎవరేం చదువుకుంటే ఎవరికేం? కానీ ఆమె అన్న ఇంకో మాట ఆ గొడవలో కొట్టుకుపోయింది. ఈ నవలలు టీనేజ్ చూపును ప్రశ్నించకుండా ఒప్పేసుకుంటాయని, వీటి ముగింపులు మరీ తృప్తిగా ఉంటాయని ఆమె అభ్యంతరం. ఇప్పుడు వస్తున్న చాలా పుస్తకాలకు ఇది సరిగ్గా అతుకుతుంది. ఈ ప్రక్రియ మొత్తానికి అంటగడితే మాత్రం అన్యాయం, ఎందుకంటే దీనిలోని గొప్ప పుస్తకాలు చేసిన పని అందుకు నేరుగా వ్యతిరేకం.

అసలు టీనేజ్ నవల అంటే ఏది? వయసును బట్టి గీసిన గీత ఎన్నడూ నిలబడలేదు. మార్కస్ జూసాక్ రాసిన 'ది బుక్ థీఫ్' 2005లో ఆస్ట్రేలియాలో పెద్దల నవలగా వచ్చింది, అమెరికాకు వెళ్లేసరికి టీనేజ్ అలమారాలో చేరింది. మార్క్ హాడన్ నవల 'ది క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ది డాగ్ ఇన్ ది నైట్ టైమ్'ను 2003లో బ్రిటన్‌లో పెద్దలకొకటి, పిల్లలకొకటి అని రెండు ముద్రణలుగా ఒకేసారి వేశారు. లోపలి కథ మాత్రం ఒక్కటే. వస్తువును బట్టి గీత గీద్దామన్నా కుదరదు. చావు, అత్యాచారం, మత్తు, ఆత్మహత్య అన్నీ టీనేజ్ నవలల్లోకి ఎప్పుడో వచ్చేశాయి.

నా మటుకు నాకు అసలు తేడా, జరిగినదానికీ దాన్ని చెప్పడానికీ మధ్య ఉన్న దూరంలో కనిపిస్తుంది. కజువో ఇషిగురో పెద్దల కోసం రాసిన 'నెవర్ లెట్ మీ గో'లో బడి రోజుల కథ చెప్పే కేథీకి ముప్పై ఒక్కేళ్లు. ఆమె గుర్తు చేసుకుంటుంది, సర్దుకుంటుంది, కొన్ని మాటల్ని దాటేస్తుంది. టీనేజ్ నవలకు ఆ వెసులుబాటు లేదు. దెబ్బ తగిలిన చోటే నిలబడి, నొప్పి తగ్గకముందే మాట్లాడాలి. సుజాన్ కాలిన్స్ 'ది హంగర్ గేమ్స్' (2008)ను ఉత్తమ పురుషలో, వర్తమాన కాలంలో రాయడానికి కారణం ఉంది. ప్రాణాలతో ఆడించే పోటీలోకి దిగిన ఆ కథలోని పిల్ల మరుసటి పేజీకి బతికుంటుందో లేదో తెలియదు. ఆ తర్వాత చాలామంది అదే పట్టుకున్నారు. చివరికి పరీక్ష ఫలితాల కోసం ఎదురుచూసే పిల్లలు కూడా ప్రాణం మీదికి వచ్చినట్టు వర్తమాన కాలంలోనే మాట్లాడుతున్నారు.

ఈ దగ్గరితనం వల్ల వచ్చే అసలు లాభం కథకుడు పొరబడటం. జరుగుతున్నది తనకే పూర్తిగా అర్థం కాదు, చదివేవాళ్లకు అర్థమవుతూ ఉంటుంది. ఎస్.ఇ. హింటన్ టీనేజ్‌లోనే రాసిన 'ది అవుట్‌సైడర్స్' (1967)లో పోనీబాయ్ చివరికొచ్చేసరికి స్నేహితుడు చనిపోలేదంటాడు, హత్య చేసింది తనేనంటాడు. రెండూ నిజం కావు. జరిగింది మనం కళ్లారా చదివాం. ఆ కుర్రాడు తట్టుకోలేక కట్టుకున్న అబద్ధం ముందు మనం నిస్సహాయంగా నిలబడతాం. పోనీబాయ్ అక్కడ తన మానసిక స్థితిని మనకు వివరించి ఉంటే ఆ పేజీ చచ్చిపోయేది.

లారీ హాల్స్ ఆండర్సన్ 'స్పీక్' (1999) ఇంకా తెగించిన పని చేసింది. వేసవిలో ఒక పార్టీకి పోలీసుల్ని పిలిచిందని బడిలో అందరూ మెలిండాను వెలివేస్తారు. ఎందుకు పిలిచిందో ఆమె ఎవరికీ చెప్పదు, మనకు కూడా చాలాసేపు చెప్పదు. టీచర్ల మీద, కేఫెటీరియా మీద జోకులేస్తుంది. ఒక కుర్రాణ్ని మాత్రం మనిషిలా కాకుండా ఏదో వస్తువులా ప్రస్తావిస్తుంది. ఆ రాత్రి ఆ కుర్రాడు ఏం చేశాడో, ఆమె నోరు విప్పడానికి చాలా ముందే మనకు తెలిసిపోతుంది. తెలిసీ ఆమె వెంట పేజీలు తిప్పుతూ ఉండాల్సి రావడమే ఆ నవల మన మీద మోపే బరువు.

నా లెక్కలో అన్నిటికంటే పెద్ద పుస్తకం వాల్టర్ డీన్ మయర్స్ 'మాన్‌స్టర్'. టీనేజ్ పుస్తకాలకు అమెరికాలో ఇచ్చే, 2000లో మొదలైన ప్రింట్జ్ అవార్డు తొలి ఏడాది దీనికే దక్కింది. హత్య కేసులో బోనెక్కిన పదహారేళ్ల స్టీవ్ తన విచారణను సినిమా స్క్రీన్‌ప్లేలా రాసుకుంటాడు. కెమెరా ఎక్కడుండాలో, ఏ దృశ్యం ఎక్కడ ఆగాలో అతనే నిర్ణయిస్తాడు. ఆ హత్యకు దారితీసిన దుకాణం దొంగతనానికి ముందు అతను కాపలా కాశాడా, లేదా? ఆ ఒక్క విషయం దగ్గరికి వచ్చేసరికి కెమెరా పక్కకు తిరుగుతుంది. నిర్దోషి అని తీర్పు వచ్చాక తన లాయర్‌ను కౌగిలించుకోబోతే ఆమె బిగుసుకుపోయి మొహం తిప్పుకుంటుంది. ఆమెకు తనలో ఏం కనిపించిందో అతనికి తెలియదు. మనకూ ఎవరూ చెప్పరు. తీర్పు మన చేతికొదిలేసి రచయిత తప్పుకున్నాడు. పిల్లలు ఆ బరువు మోయగలరని ఆయన నమ్మాడు.

మరి ఆ నమ్మకం ఎక్కడికి పోయింది? ఒక కారణం మార్కెట్ అనుకుంటాను. అమెరికాలో టీనేజ్ నవలలు కొనేవాళ్లలో 55 శాతం మంది పద్దెనిమిది దాటినవాళ్లేనని 2012లోనే పుస్తక మార్కెట్ లెక్కలు చూసే బౌకర్ సంస్థ సర్వే తేల్చింది. వాళ్లలో ఎక్కువమంది కొన్నది తాము చదువుకోవడానికే. పెద్దవాళ్లు తమ గడిచిపోయిన కౌమారాన్ని మళ్లీ చదువుకునేటప్పుడు, ఇప్పుడు తమకున్న తెలివితో ఆ పిల్ల మాట్లాడితే వాళ్లకు హాయిగా ఉంటుంది. రెండో కారణం భయం. పాత్ర ఒక తప్పు మాట అంటే అది రచయిత మాటేనని నిలదీస్తారేమోనని, పక్క వాక్యంలోనే ఆ పాత్ర చేతే క్షమాపణ చెప్పించేస్తున్నారు.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న వస్తుంది. ఈ తరం పిల్లలు నిజంగానే అలా మాట్లాడతారు కదా? ట్రామా, యాంగ్జైటీ, టాక్సిక్ లాంటి మాటలు ఫోన్ తెరిస్తే చాలు వినిపిస్తాయి. మాట్లాడతారు, నిజమే. కానీ మాట తెలిసినంత మాత్రాన మనసు తెలిసినట్టు కాదు. స్నేహితురాలికి క్షమాపణ చెప్పడం ఇష్టంలేని పిల్ల, నాకిప్పుడు నా మనశ్శాంతి ముఖ్యం అంటుంది. ఆ మాటను డాలులా అడ్డం పెట్టుకుని ఆమె దేన్నుంచి తప్పించుకుంటోందో చూపించగలిగితే అది ఈ కాలపు నవల అవుతుంది. ఇప్పుడు మాత్రం చాలా పుస్తకాల్లో ఆ పిల్ల ఆ మాట అనగానే రచయిత కూడా పక్కనే నిలబడి తలూపుతున్నారు.

విచిత్రమేమిటంటే, టీనేజ్ నవల వదిలేసిన ఈ పనిని ఇప్పుడు పెద్దల సమకాలీన నవల చేస్తోంది. శాలీ రూనీ 'నార్మల్ పీపుల్' (2018)లో కానెల్‌కు వేసవిలో అద్దె కట్టే దారి ఉండదు. తను ప్రేమించే మరియాన్ ఇంట్లో ఉండవచ్చా అని ఒక్క మాట అడిగితే సరిపోతుంది. అడగలేడు. ఊరు వెళ్లిపోతున్నానంటాడు. అతను తనను వదిలించుకుంటున్నాడని ఆమె అనుకుంటుంది. ఇద్దరూ కాలేజీలో బాగా చదివేవాళ్లే, వాదనల్లో ఆరితేరినవాళ్లే. డబ్బు గురించిన సిగ్గు దగ్గర ఆ చదువు ఏమాత్రం పనికిరాదు. కొటేషన్ గుర్తులు కూడా పెట్టని ఆ సంభాషణలో ఎవరి తప్పో తేల్చే గొంతు ఎక్కడా వినిపించదు. ఆ నవల మొత్తంగా నాకు కాస్త పొడిగా తోస్తుంది కానీ, ఆ ఒక్క ఘట్టం కోసం దాన్ని మళ్లీ తెరిచాను.

టీనేజ్ నవలకు ఆ దారి పూర్తిగా మూసుకుపోలేదు కూడా. జేసన్ రేనాల్డ్స్ 'లాంగ్ వే డౌన్' (2017) మొత్తం కవిత్వం. అన్నను చంపినవాణ్ని చంపడానికి తుపాకీతో లిఫ్ట్ ఎక్కిన పదిహేనేళ్ల విల్ కథ, నిమిషం ప్రయాణం. అంతస్తుకొకరు చొప్పున చనిపోయినవాళ్లు ఎక్కుతారు. ఎవరూ ఉపదేశం చేయరు. వాళ్లు చెప్పే సంగతులు వింటున్నకొద్దీ, తను చంపబోయేవాడే అసలు హంతకుడన్న నమ్మకం మనలో సడలుతుంది. విల్‌లో ఎంత సడలిందో మాత్రం అతను చెప్పడు. లిఫ్ట్ కిందికి చేరాక ఒక ప్రశ్నతో పుస్తకం ఆగిపోతుంది, దానికి అతని జవాబు ఉండదు. ఇలా మధ్యలో వదిలేశాడేమిటని విసుక్కునే పాఠకులను నేను ఎరుగుదును. ఆ జవాబును రేనాల్డ్స్ రాసి ఉంటే మాత్రం ఆ పుస్తకాన్ని నేను ఎవరికీ ఇచ్చేవాణ్ని కాదు.