నీదే అనుకో

తెలుగులో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఏదని ఎవరైనా అడిగితే నేను తడుముకోను. "నీదే అనుకో." తిట్టు కాదు, శాపం కాదు, నవ్వుతూ భుజం మీద చెయ్యి వేసి చెప్పే మాట. గొడుగు ఇస్తూ అంటే పెద్ద నష్టం లేదు, ఎందుకంటే గొడుగు అర్ధరాత్రి లేచి నేల మీద పొర్లదు. నా స్నేహితుడు ఈ మాటని 450 కిలోల గుర్రాన్ని నా చేతికి ఇస్తూ అన్నాడు.

వ్యాకరణం చూడండి. "నీదే" అన్నది పైకి తియ్యగా వినబడే ముక్క, పనంతా చేసేది ఆ "అనుకో". అంటే నీది కాదు, ఊహించుకో అని. ఖర్చు వచ్చిన రోజు మొదటి ముక్క అమల్లోకి వస్తుంది, హక్కు అడిగిన రోజు రెండోది. ఎరువు సొమ్ము బరువు చేటు అని పెద్దలు ఎప్పుడో చెప్పారు కానీ పాపం వాళ్ళు చెప్పింది నగల గురించి. నగకి దాణా పెట్టక్కర్లేదు. నగ తన్నదు.

జరిగింది ఇదీ. వాడు ఉద్యోగం మీద మూడు నెలలు వేరే చోటికి వెళ్ళాల్సి వచ్చింది. నేను అప్పుడే స్వారీ నేర్చుకుంటున్నాను, అంటే ఎక్కడం వచ్చింది, ఎప్పుడు దిగాలో మాత్రం గుర్రమే నిర్ణయించే దశ. "నీ దగ్గర ఉంచుకోరా, ఊరికే, ఖర్చేం ఉండదు" అన్నాడు. నేనూ ఎగిరి గంతేశాను, నా తప్పు నేను దాచుకోవడం లేదు.

ఆ "ఊరికే" లెక్క చెప్తాను. రోజుకి 9, 10 కిలోల ఎండుగడ్డి, 30 నుంచి 40 లీటర్ల నీళ్ళు, ఎండ ముదిరితే ఇంకా ఎక్కువ. అటు నుంచి రోజుకి సుమారు 20 కిలోల లద్దె, పారతో ఎత్తేది నేనే. 6 నుంచి 8 వారాలకోసారి గిట్టలు చెక్కించి నాడాలు మార్పించాలి. పళ్ళు ఏళ్ళ తరబడి పైకి వస్తూనే ఉంటాయి, అంచులు పదునెక్కి బుగ్గ లోపల కోస్తాయి, కాబట్టి ఏడాదికోసారి ఆకురాయి పెట్టి అరగదీయించాలి, ఆ ఏడాది గడువు సరిగ్గా నా మూడు నెలల్లోనే పడింది, యాదృచ్ఛికంగానట. పురుగుల మందు, ధనుర్వాతం టీకా, అవీ నా వంతుకే వచ్చాయి. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు అనే సామెత కట్టినవాడు కచ్చితంగా స్నేహితుడి గుర్రాన్ని మేపినవాడే.

జీను మాత్రం ఇవ్వలేదు. అది వాడికి సెంటిమెంటట. గుర్రం ఇవ్వడానికి అడ్డురాని సెంటిమెంటు తోలు ముక్కకి వచ్చింది. దొరికిన జీనల్లా దొరికిన గుర్రం మీద వేస్తే వీపు పుండు పడుతుంది కాబట్టి దాని వీపు కొలతకి సరిపోయే జీను కొత్తది కొన్నాను. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నవాణ్ణి చూసి ఇన్నాళ్ళూ అందరితో పాటు నేనూ నవ్వాను. గుర్రం లేకుండా జీను కొన్నవాడి మీద ఇంకా సామెత పుట్టలేదు. పుట్టాక నా పేరు వెయ్యక్కర్లేదు.

గుర్రాలిచ్చేవాళ్ళకి వేరే భాష ఉంటుందని కూడా అప్పుడే తెలిసింది. "కొంచెం చిలిపిది" అంటే కరుస్తుంది. "తెలివెక్కువ" అంటే గడియ తీసుకుని బయటికి పోతుంది. "మనిషిని చూసి మసులుకుంటుంది" అంటే ఇంతకు ముందు ఇద్దరిని పడేసింది. మూడో రోజు అది తలుపు చెక్కని పళ్ళతో పట్టుకుని మెడ బిగించి గుర్రుమని గాలి మింగుతుంటే భయపడి ఫోన్ చేశాను. "అవునా? నా దగ్గర ఎప్పుడూ చెయ్యలేదే" అన్నాడు. వాడి శాల తలుపు నేను చూశాను. పై చెక్క సగం లేదు.

అది రెండు రోజులు సరిగ్గా మేయలేదు. గేటు వెంట అటూ ఇటూ తిరగడం, దారి వైపు చూసి సకిలించడం. మళ్ళీ ఫోన్. "మేక దగ్గరే ఉందిగా?" అన్నాడు. ఏ మేక? "అయ్యో చెప్పలేదా, అది మేక లేకుండా ఉండలేదురా." గుర్రం గుంపులో బతికే జంతువు, ఒంటరిగా కట్టేస్తే బెంగ పెట్టుకుంటుంది, ఇది నాకు తెలిసి ఉండాల్సింది, ఒప్పుకుంటాను. వాడికి మాత్రం తెలుసు. తెలిసీ మేకని మర్చిపోయాడు. మర్నాడు ఎవరిచేతనో పంపించాడు. దాని మెడలో తాడు, తాడుకి ఒక చీటీ: "ఇదీ నీదే అనుకో."

ఇక వీడియో కాల్. ఇది రాయడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను. రోజూ రాత్రి తొమ్మిదింటికి వాడు గుర్రంతో మాట్లాడాలి. నాతో కాదు, గుర్రంతో. నేను ఫోను పట్టుకుని దాని మొహం ముందు నిలబడాలి. గుర్రం కళ్ళు పక్కలకి ఉంటాయి, వెనకాల ఏమున్నదీ కనబడదు, సరిగ్గా ముక్కు ముందున్నదీ కనబడదు. అంటే నేను ఫోను పెట్టే చోటు దానికి లోకంలోనే లేదు. "బంగారూ, నేను రా" అని వాడు తెర మీద గోముగా పిలుస్తుంటే అది నా చొక్కా బొత్తం నములుతూ ఉంటుంది. "నన్ను గుర్తుపట్టట్లేదు, ఏం చేశావురా దాన్ని?" అని మొదలు. పక్కకి తిప్పి పట్టుకుంటాను, ఒక కన్ను మాత్రమే తెర నిండా వస్తుంది, "కన్ను ఎర్రగా ఉంది" అంటాడు. కిందికి దించుతాను, "కాళ్ళు వాచాయి" అంటాడు. వాళ్ళావిడ వస్తుంది, "అన్నయ్యగారూ, సన్నబడింది కదండీ" అంటుంది. పిల్లలొచ్చి చప్పట్లు కొడతారు, ఆ చప్పుడికి గుర్రం ఉలిక్కిపడి నా కాలి మీద కాలు వేస్తుంది, నేను అరుస్తాను, "దాని మీద అరవకు, సున్నితమైంది" అంటాడు. ఒకరోజు అది నిలబడే కునుకు తీస్తోంది. గుర్రాలు మోకాళ్ళు బిగించుకుని నిలబడి కునుకు తీయగలవు, గాఢ నిద్రకి మాత్రం పడుకుంటాయి, ఇది చిన్న పిల్లలక్కూడా తెలుసు. "పడుకోనివ్వరా, ఎందుకు నిలబెట్టావు?" అన్నాడు ఎనిమిదేళ్ళుగా దాని యజమాని అయినవాడు. నేను నిలబెట్టానట. 450 కిలోలని.

మరో రాత్రి కాల్‌లో దాని వెనకాల చెరువు గట్టు కనబడింది. "అంత దూరం తీసుకెళ్ళావా? చుట్టుపక్కలే అనుకున్నాం కదా." ఇక్కడ నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి ఊరుకోలేదు. 2వ శతాబ్దంలో గాయస్ అనే రోమన్ న్యాయవేత్త ఈ తగాదా గురించే రాసిపెట్టాడు. స్వారీకని అడిగి తీసుకున్న గుర్రాన్ని చెప్పినదానికన్నా ఎక్కువ దూరం తోలుకెళ్తే అది దొంగతనం కిందికి వస్తుంది. కానీ అడిగితే యజమాని ఒప్పుకునేవాడే అని నిజంగా నమ్మి తీసుకెళ్తే దొంగతనం కాదు. "నువ్వే కదరా నీదే అనుకో అన్నావు, నేను అనుకున్నాను" అని వాదించాను. వాడు కాసేపు ఆలోచించి, "మాటకి అంటే నిజంగా అనేసుకుంటావా?" అన్నాడు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. ఇంకో రాత్రి ఉంది.

అది పదే పదే డొక్క వైపు తిరిగి చూసుకుంటోంది. ముందుకాలితో నేల గీరుతోంది. పడుకుని, లేచి, మళ్ళీ పడుకుని పొర్లడం మొదలుపెట్టింది. మెడంతా చెమట. శాలలో సాయంత్రం నుంచి లద్దె లేదు. ఇందాక 20 కిలోల లద్దె అని ఎగతాళి చేశానే, ఆ రాత్రి లాంతరు పట్టుకుని ఒక్క ఉండ కోసం గడ్డంతా వెతికాను. గుర్రానికి వాంతి రాదు. కడుపులో ఏది ఇరుక్కున్నా వెనక్కి దారి లేదు, గుర్రాల ప్రాణాలు ఎక్కువగా తీసేవాటిలో ఈ కడుపునొప్పి ఒకటి. డాక్టరు వచ్చేసరికి, మామూలుగా నిమిషానికి 30, 40 సార్లు కొట్టుకునే గుండె 70 దాటింది. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేశాడు, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చాడు. తర్వాత నా వైపు తిరిగి అడిగాడు: "పేగు మెలిపడి ఉంటే ఆపరేషన్‌కి తీసుకెళ్ళాలి. లేదంటే బాధపడకుండా పంపించెయ్యాలి. గుర్రం మీదేనా?"

ఏం చెప్పమంటారు? నాదే అనుకుంటున్నాను అని చెప్పనా?

పధ్నాలుగు సార్లు ఫోన్ చేశాను. రోజూ తొమ్మిదింటికి ఠంచనుగా మోగే ఆ ఫోను, కన్ను ఎర్రబడిందని గంటసేపు విచారించే ఆ ఫోను, ఆ రాత్రి ఎత్తేవాడు లేడు. సరే, నిద్రపోయాడనుకుందాం. నేనూ అలాగే అనుకున్నాను. కానీ మూడింటికి మెసేజ్ వచ్చింది. అంటే చూశాడు. చూసి, ఎత్తకుండా, రాశాడు: "నీకేది మంచిదనిపిస్తే అది చెయ్యి. నీదే అనుకో."

ఒరేయ్. నొప్పితో నేలకి తల కొట్టుకుంటున్న జీవాన్ని చంపాలా బతికించాలా అని అడిగితే రాసే జవాబా ఇది? డబ్బు లేకపోతే లేదని చెప్పు, తప్పు లేదు. భయంగా ఉందంటే అదీ అర్థం చేసుకుంటాను, నాకూ కాళ్ళు వణుకుతున్నాయి. కానీ ఎనిమిదేళ్ళు నిన్ను మోసిన దాని ప్రాణాన్ని తీసుకెళ్ళి, నువ్వు జీను కూడా ఇవ్వని స్నేహితుడి నెత్తిన పెట్టి, దానికి ఔదార్యం అని పేరు పెడతావా? గుర్రం ఇచ్చేటప్పుడు ఒక్క తెల్లకాగితం మీద, ఆపరేషనయితే ఎవరు చెప్పాలి, ఎవరు కట్టాలి, నేను దొరక్కపోతే ఎవరిని అడగాలి అని నాలుగు లైన్లు రాస్తే స్నేహం చెడిపోతుందట. నేనే అడిగాను, మొదటి రోజు. "మన మధ్య కాగితాలేంట్రా" అన్నాడు. ఇలాంటివాళ్ళు మీకూ తెలుసు. కాగితం అంటే నొచ్చుకునేవాళ్ళంతా ఆ కాగితంలో తమ వంతు ఏం రాయాలో బాగా తెలిసినవాళ్ళే.

తెల్లవారుజామున అయిదున్నరకి అది లద్దె వేసింది. డాక్టరూ నేనూ దాన్ని చూసి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నాం. మేక మాత్రం ఏమీ పట్టనట్టు గడ్డి తింది. ఎనిమిదింటికి మెసేజ్: "తగ్గిందా? గడ్డి ఏమైనా మార్చావా?"

మూడు నెలలు అయిదయ్యాక వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు, గిట్ట ఎత్తి చూశాడు, పళ్ళు చూశాడు, అరగదీయించినందుకు ఒక్క మాట లేదు. "నా గుర్రాన్ని సన్నం చేసేశావురా" అన్నాడు. "నా." ఆ అక్షరం అయిదు నెలల తర్వాత వినడం. డాక్టరు బిల్లు చూపిస్తే మడిచి జేబులో పెట్టుకున్నాడు, అది ఇప్పటికీ ఆ జేబులోనే ఉండి ఉంటుంది. నేను కొన్న జీను దానికి సరిగ్గా సరిపోయిందని మెచ్చుకుని, దాని మీదే ఎక్కాడు. గుర్రం నా వైపు తిరిగి కూడా చూడలేదు. దానికి కోపం లేదు, నేను సరిగ్గా వెనకాల నిలబడ్డాను, అక్కడేమీ కనబడదని ఇందాకే చెప్పాను.

"మరి మేక?" అన్నాను.

"అక్కడ ఇంకో గుర్రం తీసుకున్నాంలే, దానికి తోడు దొరికింది. ఉంచుకోరా" అన్నాడు. తర్వాత ఏమన్నాడో మీకు తెలుసు.

మేక ఆ రాత్రంతా గేటు దగ్గరే నిలబడి అరిచింది. దాని కోసం ఇంతవరకూ ఒక్క వీడియో కాల్ రాలేదు.