వీఆర్ గారికి కర్నూలు నుంచి ఒక విన్నపం

పోస్టింగు ఇవ్వకుండా పోలీసు అధికారులను పక్కన కూర్చోబెట్టే మహారాజశ్రీ వేకెన్సీ రిజర్వ్ (వీఆర్) గారి సముఖానికి,

అనుభవమున్న పోలీసు అధికారులను ఎలా నిలుపుకోవాలా అని లోకమంతా తల పట్టుకుంటోంది. ఆ కిటుకు తమ దగ్గరుంది. ఉద్యోగం తీయరు, యూనిఫాం విప్పించరు, స్టేషను మాత్రం ఇవ్వరు. మా ఇళ్లలో ఆవకాయ జాడీకైనా అప్పుడప్పుడు మూత తీస్తారు.

2022లో ప్రభుత్వం పదవీ విరమణ వయసును 60 నుంచి 62కు పెంచింది. ఆ అదనపు రెండేళ్లకూ తమరు కుర్చీ వేశారు. పై స్థాయిలో తమ పెద్దన్న ‘వెయిటింగ్’ గారున్నారు. 2024 ఆగస్టులో పోస్టింగు లేని 16 మంది ఐపీఎస్‌లు రోజూ డీజీపీ కార్యాలయానికి వచ్చి సంతకం చేయాలని మెమో వచ్చింది. తప్పు చేసినవారుంటే విచారించి శిక్షించాలి. హాజరు పుస్తకం ఏ నేరాన్ని తేలుస్తుంది?

తమ సన్నిధికి ఎలా చేరతారో ఊరందరికీ తెలుసు. ఎమ్మెల్యే సిఫారసు లేఖతో వచ్చిన సీఐ, ఆ ఎమ్మెల్యే ఓడిన రోజే ఓడిపోతాడు. లేఖ లేనివాడు ఎన్నికల దాకా కూడా ఆగనక్కర్లేదు. స్టేషను అధికారిని కనీసం రెండేళ్లు కదపకూడదని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. ఆ తీర్పును కూడా తమరే వీఆర్‌లో పెట్టుకున్నట్టున్నారు.

ఇక మా జిల్లాలోని దేవరగట్టు సంగతి. దసరా రాత్రి బన్ని ఉత్సవంలో మాళ మల్లేశ్వరుడి విగ్రహాల కోసం ఊళ్లు కర్రలతో తలపడతాయి. ఎంత బందోబస్తు పెట్టినా తలలు పగులుతూనే ఉన్నాయి. డ్రోన్లూ ఎగురుతాయి, పాపం. ఆ ఊళ్లలో ఒకటైన నెరణికిలో ఎవరి మాటకు కుర్రాళ్లు తగ్గుతారో, ఇనుప రింగులు తొడిగిన కర్రలు ఏ గడ్డివాములో ఉంటాయో డ్రోనుకేం తెలుసు? రెండు మూడు దసరాలు అక్కడ నిలబడిన సీఐకి తెలుస్తుంది. ఆయనేమో తమ నీడన ఫోను చూసుకుంటూ ఉంటాడు. కొత్తగా వేసినాయన అక్కడి మండల కేంద్రం హొళగుందకు దారి అడుగుతూ బయలుదేరతాడు.

కాబట్టి ప్రభూ, ఈ దసరాకైనా అటువంటివారిలో ఒకరిని మాకు వారం రోజులు అప్పివ్వండి. హాజరు పుస్తకం కూడా వెంట పంపండి. రోజూ పొద్దున పదింటికి దేవరగట్టులోనే సంతకం పెట్టిస్తాం.

ఇట్లు,
కర్నూలు పౌరుడొకడు