కరివేపాకుకి వీసా

(ఫ్రాంక్‌ఫర్ట్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. హాల్లో కిటికీ పక్కన పెద్ద కుండీ, అందులో నడుమెత్తు కరివేపాకు మొక్క. ఎండ పడే చోటు ఇంట్లో అదొక్కటే కాబట్టి సోఫాని మూలకి తోసేశారు. శ్రీనివాస్ ఒక చేత్తో అట్టపెట్టె, ఇంకో చేత్తో కత్తెర పట్టుకుని మొక్క చుట్టూ తిరుగుతున్నాడు. వంటింటి గుమ్మంలోంచి పద్మ చూసింది.)

పద్మ: ఏవండీ, ఆ కత్తెర ఎందుకు?

శ్రీనివాస్: ఏం లేదు. కొలతలు చూస్తున్నా.

పద్మ: కత్తెరతోనా?

శ్రీనివాస్: సరే, చెప్పేస్తున్నా. అక్కకి మాటిచ్చాను. మొక్క మొదలు దగ్గర పిలక వచ్చింది కదా, అది వేరు చేసి లెస్టర్‌కి పార్సిల్ చేద్దామని.

పద్మ: నా మొక్క పిలకని, నాకు చెప్పకుండా, మీ అక్కకి?

శ్రీనివాస్: నీ మొక్కేంటి? మనది.

(ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ మొక్కకి నీళ్ళు, ఎరువు, చలికాలంలో లైటు అన్నీ పద్మ చూసుకుంటుంది. శ్రీనివాస్ చేసేదల్లా దాని ఆకులు పడ్డ పులుసు తినడం.)

పద్మ: వదినకి ఇవ్వొద్దని నేనెప్పుడన్నా అన్నానా?

శ్రీనివాస్: ఇప్పుడంటావు.

పద్మ: నేనెందుకంటాను? బ్రిటన్ వాళ్ళంటారు. 2021 జనవరి నుంచి వాళ్ళు యూరోపియన్ యూనియన్ రూల్స్‌కి బయట. ఇక్కణ్ణుంచి నాటే మొక్క పంపాలంటే దానికి తెగుళ్ళు లేవని ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి.

శ్రీనివాస్: ఇవన్నీ నీకెలా తెలుసు?

పద్మ: మీరు మాటిచ్చిన రోజు రాత్రే చదివాను.

శ్రీనివాస్: అంటే మాటిచ్చానని నీకు ముందే తెలుసు!

పద్మ: బాత్రూంలో మాట్లాడినా మీ గొంతు వంటింట్లోకి వినపడుతుంది.

శ్రీనివాస్ (కుండీ పక్కకి తిప్పి): అయితే ఇది చూడు. కొన్నప్పుడు అంటించిన లేబుల్ ఇంకా ఊడలేదు. మూలన యూనియన్ వాళ్ళ చుక్కల జెండా, పక్కన "ప్లాంట్ పాస్‌పోర్ట్" అని. 'ఏ' అక్షరం దగ్గర మొక్క పేరు, 'బీ' దగ్గర నర్సరీ రిజిస్ట్రేషన్ నెంబరు, సీ దగ్గర ఏదో కోడు, డీ దగ్గర పుట్టిన దేశం, హాలండ్. పాస్‌పోర్టు ఉన్న మొక్కని ఎవరాపుతారు?

పద్మ: మనకి లేవూ పాస్‌పోర్టులు? మీ మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి ఏమైంది? జర్మనీ కార్డుతో పారిస్ పోయాం, రోమ్ పోయాం. లండన్ అనేసరికి వీసా, వేలిముద్రలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. వీసా వచ్చేసరికి ఫంక్షన్ అయిపోయింది. మొక్కకీ అంతే. ఆ పాస్‌పోర్టు యూనియన్ లోపలే చెల్లుతుంది.

శ్రీనివాస్: ఆ సర్టిఫికెట్ ఎవరిస్తారో?

పద్మ: ఇక్కడ మన హెస్సే రాష్ట్రంలో మొక్కల ఆరోగ్యం చూసే శాఖ ఉంది. వాళ్ళ ఇన్‌స్పెక్టరు చూసి, పురుగూ తెగులూ లేవని సంతకం పెట్టాలి. ఫీజు కట్టాలి.

శ్రీనివాస్: జానెడు పిలకకి ఇన్‌స్పెక్టరా! మాది కడియమే, పద్మా. మా నాన్న వేళ్ళకి గోనె చుట్టి లారీలో వేస్తే మొక్కలు ఢిల్లీ దాకా పోయేవి. దారిలో ఎవడూ "మీ ఆరోగ్యం ఎలా ఉంది" అని మొక్కనడగలేదు.

పద్మ: కడియం నుంచి ఢిల్లీకి మధ్యలో బ్రెగ్జిట్ లేదు.

శ్రీనివాస్: అసలు కరివేపాకు ఎవరికేం అపకారం చేసింది?

పద్మ: అది నిమ్మ కుటుంబం అండీ. బత్తాయి, కమలా అన్నీ దాని చుట్టాలే. చెట్టుని లోపల్నుంచి తినేసే గ్రీనింగ్ తెగులని ఒకటుంది. దాన్ని మోసే చిన్న పురుగుకి కరివేపాకు చిగురంటే ప్రాణం. 2005లో ఫ్లోరిడాలో ఆ తెగులు కనపడింది, అక్కడి తోటలు ఇంతవరకూ తేరుకోలేదు. దాన్ని మొయ్యగల ఆఫ్రికా పురుగు 2014లో స్పెయిన్ ప్రధాన భూభాగంలో దిగింది, ఆ తర్వాత పోర్చుగల్లోనూ దొరికింది. తెగులు కూడా దాని వెనకే వస్తుందేమోనని అందరికీ టెన్షన్.

శ్రీనివాస్: లెస్టర్‌లో బత్తాయి తోటలెక్కడున్నాయే?

పద్మ: లేవు. అయినా రూలు రూలే.

శ్రీనివాస్: లేబుల్ మీద 'ఏ' దగ్గర దీని పేరు చదివావా? ముర్రయా కోనిగై. కోనిగ్ అని, మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ శిష్యుడు, తమిళ తీరంలోని తరంగంబాడికి డాక్టరుగా వచ్చాడు. 1785లో ఆయన పోయింది ఎక్కడనుకున్నావు? మన కాకినాడ జగన్నాథపురంలో. ఇండియా నుంచి యూరప్‌కి ఓడల్లో ఎన్ని మొక్కలు పంపాడో! ఏ ఇన్‌స్పెక్టరు అడ్డొచ్చాడు?

పద్మ: ఆయన ఎండబెట్టి, కాగితానికి అతికించి పంపాడు. మీరూ ఎండబెట్టండి. కాస్త ఎండుమిర్చీ వెల్లుల్లీ వేసి పొడి కొట్టిస్తాను, వదినకి కవర్లో పంపుదురు.

శ్రీనివాస్: మరి మీ చెల్లికి ఆమ్‌స్టర్‌డామ్‌కి పిలక పంపినప్పుడు ఏమైపోయాయి ఈ రూల్సు?

పద్మ: అది యూనియన్ లోపల. పైగా అమ్మకం కాదు, ఇంట్లో పెంచింది ఊరికే ఇచ్చాం. పాస్‌పోర్టు గొడవ నర్సరీల వాళ్ళకి. 2019 డిసెంబరు నుంచి ఆన్‌లైన్‌లో అమ్మితే, కొనేది మనలాంటి ఇంటివాళ్ళయినా లేబుల్ ఉండాల్సిందే.

శ్రీనివాస్: చెల్లి అనేసరికి చట్టం ఎంత మెత్తబడిందో!

పద్మ: ఏం లాభం? శుక్రవారం పోస్టులో వేశారు.

శ్రీనివాస్: నువ్వు ప్యాక్ చేసి ఇచ్చిందే శుక్రవారం!

పద్మ: సోమవారం వెయ్యండి, శని ఆదివారాలు గోడౌన్లో పడుంటుందని చెప్పాను. మీరు వింటేగా. జనవరి చలిలో రెండు రాత్రులు! వేళ్ళకి తడి న్యూస్‌పేపరు చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి, కాడకి పుల్ల ఆసరా పెట్టి, నాలుగు వైపులా ఎర్ర స్కెచ్ పెన్నుతో పైకి బాణాలు గీశాను.

శ్రీనివాస్: ఆ బాణాలు మనింట్లోనే చూశారు. దారిలో ఎవరూ చూడలేదు.

పద్మ: ఆపైన చెల్లి ఇంట్లో లేదని పక్కింటాయనకిచ్చి పోయారు. ఆయన వెచ్చగా ఉంటుందని పెట్టెని హీటరు మీద పెట్టాడు.

శ్రీనివాస్: పాపం, మంచి ఉద్దేశమే.

పద్మ: రెండ్రోజుల చలి తర్వాత ఒక రోజు ఉడుకు. ఆకంతా రాలిపోయింది. అది ఫోన్ చేసి "అక్కా, పుల్ల అందింది. మొక్క ఎప్పుడొస్తుంది?" అంది.

శ్రీనివాస్ (కాసేపు ఆలోచించి): బెల్‌ఫాస్ట్!

పద్మ: ఏంటి?

శ్రీనివాస్: బెల్‌ఫాస్ట్‌లో నా ఫ్రెండున్నాడు. ఉత్తర ఐర్లండ్ యూకేలో భాగమే, మొక్కల విషయంలో మాత్రం యూనియన్ రూల్సే నడుస్తాయి. వాడికి పంపితే సర్టిఫికెట్ అక్కర్లేదు. వాడు అక్కకి పంపిస్తాడు. ఒకే దేశం, మధ్యలో ఆపేవాడెవడు?

పద్మ: సముద్రాన్ని అటోసారి ఇటోసారి దాటించి పిలకని లెస్టర్ చేరుస్తారా? సర్టిఫికెట్ తప్పించుకోడానికే ఆ దారిన పంపితే కుదరదని ఆ రూల్స్‌లోనే రాసుంది. దొంగదారి అంటారు దాన్ని.

శ్రీనివాస్: అక్క కోసం...

పద్మ: మీరు జైల్లో ఉంటే మొక్కకి నేను నీళ్ళు పోస్తాను లెండి. ఎలాగూ నేనే పోస్తున్నా.

(ఫోన్ మోగింది. శ్రీనివాస్ బాల్కనీలోకి పోయి మాట్లాడాడు. పద్మ కత్తెర తీసి సొరుగులో పెట్టి, ఆ సొరుగుకి అడ్డంగా నిలబడింది. ఆయన తిరిగొచ్చేసరికి మొహం వాడిపోయి ఉంది.)

శ్రీనివాస్: అక్కకి బెల్‌గ్రేవ్ రోడ్డులో కరివేపాకు మొక్క దొరికిందట. మనది వద్దంది.

పద్మ: నేను చెప్పలా? వదిన తెలివైంది. మీరే అనవసరంగా...

శ్రీనివాస్: నీకొకటి పంపిస్తానంటోంది కూడా. ఇండియా వాళ్ళ దగ్గర సంపాదించిన బొండుమల్లె, గ్లాస్‌హౌస్‌లో విరగబూస్తోందట. నీ కోసం అంటు కట్టి ఉంచిందట.

పద్మ (సొరుగు వదిలేసి ముందుకొచ్చి): బొండుమల్లా? మొగ్గ ఇంతింత ఉంటుందే, అదా? వదినది ఎంత మంచి మనసండీ! ఎప్పుడు పంపుతుందట?

(శ్రీనివాస్ తొందరపడలేదు. కుర్చీ లాక్కుని, లాప్‌టాప్ తెరిచి, కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాడు. పెళ్ళయ్యాక ఆయన ఇంత నెమ్మదిగా ఏ పనీ చెయ్యలేదు.)

శ్రీనివాస్: కుదరదు.

పద్మ: ఏం? వదిన ఆ సర్టిఫికెట్టేదో తెచ్చుకుంటుంది.

శ్రీనివాస్: మొదటిది, మట్టి. బ్రిటన్ మట్టి కుండీతో సహా యూనియన్‌లోకి రావడం అంత తేలిక కాదు. రెండోది, 2018లో యూనియన్ వాళ్ళు ప్రమాదకర మొక్కలని ఒక జాబితా వేశారు. బయటి దేశాల నుంచి నాటడానికి రాకూడని జాతులు. గన్నేరు ఉంది. సీతాఫలం ఉంది. దేవకాంచనం ఉంది.

పద్మ: మల్లె లేదుగా?

శ్రీనివాస్: హమామెలిస్ తర్వాత... ఇదిగో. జాస్మినమ్.

పద్మ: అన్యాయం! మల్లె ప్రమాదకరమా? తల్లో పెట్టుకుంటాం!

శ్రీనివాస్: ఫలానా దేశం నుంచి ఫలానా రకం పర్లేదని వాళ్ళు పరిశీలించి మినహాయింపు ఇస్తే తప్ప, సర్టిఫికెట్ ఉన్నా రానివ్వరు.

పద్మ: ఒక్క అంటు అండీ. జానెడుంటుంది.

శ్రీనివాస్: రూలు రూలే.

(పద్మ వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు మామూలు కన్నా పెద్దగా వినిపించింది. పది నిమిషాలకి కాఫీ కప్పుతో వచ్చి ఆయన ముందు పెట్టింది. అడగకుండా కాఫీ రావడంతో శ్రీనివాస్ సర్దుకుని కూర్చున్నాడు.)

పద్మ: ఏవండీ.

శ్రీనివాస్: ఊఁ.

పద్మ: బెల్‌ఫాస్ట్‌లో మీ ఫ్రెండు... ఆయన భార్యా పిల్లలూ అంతా బాగున్నారా? మీరు ఫోన్ చేసి చాలా రోజులైనట్టుంది.