బోర్డు చూపించి చలాన్ వేయండి

మందుల షాపు ముందు బండి ఆపి, డాక్టరు చీటీ చూపించి, రెండు స్ట్రిప్పుల మాత్రలు తీసుకుని బయటికి వస్తారు. అప్పటికి ఏమీ తెలియదు. సాయంత్రానికో మర్నాటికో ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. లింక్ నొక్కితే ఒక ఫొటో తెరుచుకుంటుంది. నంబర్ ప్లేటు, వెనక టైరు, పక్కన మురుగుకాల్వ మూత అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. బండి మనదే, నంబరూ మనదే. అక్కడ బండి ఆపకూడదని చెప్పే బోర్డు మాత్రం ఆ ఫొటోలో ఎక్కడా ఉండదు.

మనసొప్పక మర్నాడు మళ్లీ ఆ వీధికి వెళ్లి వెతికితే ఒక్కోసారి బోర్డు దొరుకుతుంది కూడా. నాలుగు షాపుల అవతల, వేపకొమ్మ చాటున, సగానికి పైగా లేడీస్ హాస్టల్ పోస్టరు కింద ఉంటుంది. అది ఎటు పక్కకి వర్తిస్తుందో చెప్పే బాణం గుర్తు ఉండదు. ఏ వేళ నుంచి ఏ వేళ దాకా అన్నదీ ఉండదు. నో పార్కింగ్ చలాన్ల మీద జనం గోడు చాలావరకు ఇదే. తప్పు చేసి దొరికిపోయామన్న బాధ కంటే, తప్పని ముందు చెప్పకుండా డబ్బు గుంజారన్న కోపమే వాళ్ల మాటల్లో ఎక్కువ. ఆ కోపం న్యాయమైనదని మేం భావిస్తున్నాం.

అడ్డదిడ్డంగా బండి పెట్టేవాళ్లని వెనకేసుకు రావడం మా ఉద్దేశం కాదు. ఫుట్‌పాత్ మీద, జీబ్రా గీతల మీద, బస్టాపులో, ఇంకొకరి గేటుకు అడ్డంగా బండి పెట్టకూడదని తెలియడానికి ఏ బోర్డూ అక్కర్లేదు. అలాంటి బండి వల్ల అంబులెన్సు ఇరుక్కుపోతే పోయేది ఒక ప్రాణం. అక్కడ పోలీసులు ఎంత గట్టిగా ఉన్నా మా మద్దతు ఉంటుంది. మా అభ్యంతరం వేరే చోట్ల గురించి. నిన్నటిదాకా అందరూ బండ్లు ఆపుకున్న చోటు, ఇవాళ ఒక ఉత్తర్వుతో నిషేధంలోకి వచ్చిన చోటు. అక్కడ ఆ సంగతి జనానికి చెప్పాల్సింది బోర్డే.

చట్టం ఉద్దేశం కూడా ఇదే. మోటారు వాహనాల చట్టం 1988లోని 116వ సెక్షన్ ట్రాఫిక్ గుర్తులు పెట్టే అధికారం ఇస్తూ, ఆంక్షలను ప్రజల దృష్టికి తేవడానికే అవి అని చెబుతుంది. 117వ సెక్షన్ స్థానిక సంస్థతో సంప్రదించి పార్కింగ్ స్థలాలు నిర్ణయించవచ్చంటుంది. ఆపకూడని చోట్లు చూపించడంలో ఉన్న హడావిడి, ఆపుకోదగ్గ చోట్లు చూపించడంలో మన నగరాల్లో ఎప్పుడూ కనబడదు. 2021 ఆగస్టులో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన 167ఎ నిబంధన ప్రకారం, ఎలక్ట్రానిక్ పరికరాలతో నిఘా పెట్టిన చోట ఆ సంగతి తెలిపే హెచ్చరిక బోర్డులు కనబడేలా ఉండాలి. నేరం జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలి. స్తంభం మీది కెమెరాకి ఇంత పద్ధతి ఉన్నప్పుడు, కానిస్టేబుల్ చేతిలోని కెమెరాకి ఎందుకు ఉండకూడదు?

అసలు బోర్డుల సంగతే గందరగోళం. నీలం రంగు గుండ్రం, చుట్టూ ఎర్ర అంచు, మీద ఒక అడ్డగీత ఉంటే పార్కింగ్ నిషేధం. రెండు గీతలు ఇంటూ మార్కులా ఉంటే అసలు ఆగడమే నిషేధం. ఈ తేడా బండి నడిపేవాళ్లలో ఎంతమందికి తెలుసు? వీటి పక్కనే షాపులవాళ్లూ అపార్ట్‌మెంట్లవాళ్లూ సొంతంగా వేలాడదీసిన రేకులు ఉంటాయి. 'ఇక్కడ వాహనాలు నిలిపినచో టైర్లలో గాలి తీయబడును' అని రోడ్డు మీది జాగాని తమదిగా రాసేసుకుంటారు. వాటిని తీయించేవాళ్లు లేరు. ఏది సర్కారు బోర్డో, ఏది గేటు యజమాని బెదిరింపో తెలియని వీధిలో, బోర్డు చూడలేదని పౌరుణ్ణి తప్పుపట్టడం అన్యాయం.

పోనీ, చలాన్ తప్పని చెప్పుకుందామంటే ఎవరికి చెప్పుకోవాలి? వెబ్‌సైట్లో ఫిర్యాదు పంపితే, అది చూసేదీ చలాన్ వేసిన శాఖే. అక్కడ కాదంటే మిగిలింది మేజిస్ట్రేట్ కోర్టు. మామూలు నో పార్కింగ్ తప్పుకి వర్తించే 177వ సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత కూడా, మొదటిసారి జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలు. దానికోసం ఆటో డ్రైవరో డెలివరీ కుర్రాడో ఒక రోజు కూలి వదులుకుని కోర్టు మెట్లెక్కుతాడా? తెలంగాణలో అయితే పైన యూజర్ చార్జీ 35 రూపాయలు కూడా కలిపి కట్టేసి, టెన్షన్ వదిలించుకుంటాడు. అలా డబ్బు కట్టడాన్ని తప్పు ఒప్పుకోవడంగా లెక్కవేయడం సరికాదు.

పేరుకుపోయిన చలాన్ల కోసం తెలంగాణ ప్రభుత్వం 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరులో మరోసారి రాయితీ ఇచ్చింది. రెండోసారి బైకులకు 80 శాతం, కార్లకు 60 శాతం మాఫీ. జనానికి ఊరట కలిగిన మాట నిజం. కానీ ఆ లెక్కలో న్యాయం ఎక్కడుందో చూడండి. కావాలని రాంగ్ పార్కింగ్ చేసిన బైకువాడికి 80 శాతం మాఫీ అయింది. బోర్డే లేని చోట చలాన్ పడిన బైకువాడు 20 శాతం కట్టాడు. ఇద్దరూ ఒకే క్యూలో నిలబడ్డారు. రెండోవాడు ఒక్క పైసా కూడా కట్టకూడదు. రాయితీ పథకాలు వాళ్లిద్దరినీ వేరు చేయలేవు. ఆ పని విచారణ మాత్రమే చేయగలదు.

బ్రిటన్‌లో చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మన పిల్లలు ఈ విషయంలో మరో పద్ధతి చూస్తున్నారు. అక్కడ చాలా నగరాల వీధుల్లో పర్మిట్ జోన్లు. ఆ వీధివాళ్లకిచ్చే పర్మిట్ లేకుండా బండి పెడితే కౌన్సిల్, అంటే అక్కడి స్థానిక సంస్థ, జరిమానా వేస్తుంది. 14 రోజుల్లో కడితే సగమే. బోర్డు సరిగా లేదనుకుంటే ముందు కౌన్సిల్‌కే అభ్యంతరం చెప్పాలి. వాళ్లు కాదంటే, కౌన్సిల్‌తో సంబంధం లేని ట్రిబ్యునల్‌కి అప్పీలు చేసుకోవచ్చు, దానికి ఫీజు లేదు. ఆంక్ష గురించి తగిన సమాచారం ఇచ్చే గుర్తులు పెట్టే బాధ్యత కౌన్సిల్‌దేనని 1996 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అలాగని గీత కాస్త చెరిగిపోతే చాలు, జరిమానా పోతుందని కాదు. సండర్లాండ్ నగరపు కేసులో 2011లో అప్పీల్ కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. చిన్న లోపాలున్నా డ్రైవరుకి విషయం సరిగ్గా అర్థమయ్యేలా ఉందా లేదా అన్నదే చూడమంది. ఇక్కడా అదే కొలబద్ద ఉంటే చాలు.

పర్మిట్ జోన్లు మన దాకా రావని అనుకోవద్దు. ఇంటి ముందు వీధిలో కారు పెట్టుకోవడానికి ఏడాదికింతని పర్మిట్ ఫీజు ఉండాలని బెంగళూరు పార్కింగ్ విధానం ఇప్పటికే చెప్పింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో కార్లు పెరుగుతున్న తీరు చూస్తే ఇక్కడా ఆ ఆలోచన ఎంతో దూరంలో లేదు. ఒక్క అడ్డగీతనే సరిగ్గా చూపించలేని చోట, పర్మిట్ ఎవరికి, ఏ వేళల్లో, ఏ మలుపు దాకా అన్నది ఎలా చూపిస్తారు? ఆ జోన్లు రాకముందే ఈ ఇల్లు చక్కబెట్టుకోవాలి.

మేం కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. నో పార్కింగ్ చలాన్‌కి రెండు ఫొటోలు ఉండాలి, ఒకటి బండిది, రెండోది అక్కడి బోర్డుది. బోర్డు కింద తెలుగులో వేళలు, హద్దులు రాయాలి. ఫిర్యాదుని చలాన్ వేసిన శాఖకు బయటివాళ్లు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాంటి చోట, ఆన్‌లైన్లోనే విని కారణం రాసి తేల్చాలి. తేలేదాకా రోడ్డు మీద బండి ఆపి ఆ చలాన్ డబ్బు అడగకూడదు. ఇక పెండింగులో ఉన్నవాటిలో, బోర్డు ఉందని చూపలేని నో పార్కింగ్ చలాన్లను ముందుగా ఏరి రద్దు చేయాలి. మరో రాయితీ ప్రకటన ఏదైనా ఆ తర్వాతే.