గండికోట గుమ్మం మీద ఒక ఫిర్యాదు

జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు పోతే గండికోట. ఆ కోట గుమ్మం కట్టడంలో ఘోరమైన తప్పు ఉంది. పోయిన ఆదివారం మా బావ కొత్త కారులో పోయి మేమే కనిపెట్టాం. ప్రజాహితం కోరి రాస్తున్నాను.

ఆ గుమ్మం మనిషిని తిన్నగా లోపలికి పోనివ్వదు. దారి బురుజుల మధ్య మెలిక తిరుగుతుంది. ఎందుకయ్యా అంటే ఏనుగుల కోసమట. పరుగెత్తుకొచ్చే జాగా ఉంటేనే ఏనుగు తలుపు బద్దలు కొడుతుంది, మలుపులో దాని ఊపు చచ్చిపోతుంది. అది చాలదన్నట్టు చెక్క తలుపులకు ఇనుప రేకులు తొడిగి మేకులు దిగ్గొట్టారు. ఏనుగు నుదురు గురించి ఇంత బుర్ర పెట్టిన పెమ్మసాని నాయకులు, ఏడు సీట్ల కారు గురించి ఒక్క నిమిషమైనా ఆలోచించారా?

బావ స్టీరింగ్ కుడికి తిప్పాడు, ఎడమకు తిప్పాడు. సెన్సార్ కుయ్యోమంటోంది. వెనక గొర్రెల మంద ఆగింది. కాపరి కాసేపు చూసి, "ఎనక్కి రా సామీ, ఆ గోడ జరగదు" అన్నాడు.

1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకున్నాడు. ఆయన వెంట ఫిరంగులున్నాయి. మాకు హారన్ ఒక్కటే.

ఆగిపోయాం కాబట్టి గోడ తీరిగ్గా చదివాను. ఎర్రరాతి మీద ఒక గుండె, అందులో బాణం, అటొక పొడి అక్షరం, ఇటొక పొడి అక్షరం, కింద 'బైపీసీ'. మన పాత శాసనాల్లో చివర, దీన్ని చెరిపినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడని రాసేవాళ్లు. ఈ కుర్రాడు శాపం రాయలేదు. ఎవడూ చెరపడని అంత ధీమా!

రోడ్డు వైడనింగ్ కింద ఒక బురుజు కొట్టేస్తే పీడా పోతుందని బావ అభిప్రాయం. ఊళ్లో సొంత ఇంటి అరుగు కొట్టేసినప్పుడు మాత్రం ఆయన కోర్టుకు పోయాడు, అది వేరే సంగతి.

చివరికి రివర్స్‌లోనే బయటపడ్డాం. కారు ఎడమ తలుపు మీద మూరెడు గీత. పెయింటర్ ఎనిమిది వేలు అడిగాడు. మరి ఆ రాతి మీద గీతలకు ఎంతవుతుందన్నాను.

"దానికి కలర్ మ్యాచ్ కాదు సార్" అన్నాడు.